లగేజీ టికెట్టు

రిటైరైన సాయంత్రం డిపోలో
నా చేతికొక పూలగుత్తి ఇచ్చినారు.
మెరిసే కాయితం, ఎర్ర రిబ్బను,
అయిదు జెర్బరాలు, రెండు గులాబీలు,
పేరు తెలీని తెల్లపువ్వు ఒకటి.
తలలో పెట్టుకునేవి కావు. పటానికి వేసేవీ కావు.
ఇరవయ్యేడేళ్ళు టికెట్లు చింపిన చేతికి
కాడలున్న పూలు కొత్త.

శాలువా మంచం మీద పడేసి
పూలను బిందెలో నిలబెట్టి పడుకున్నాను.
తెల్లారేసరికి జెర్బరాలు
మెడలు వాల్చేసినాయి,
ఆఖరు ట్రిప్పులో కిటికీ పక్క ప్యాసింజర్ల మాదిరి.
స్టేజీ వచ్చింది లెయ్యండి అని
తట్టి లేపబోయి
నవ్వొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది పెంచలమ్మ.

రాయచోటి నుంచి కడపకు తొలి బస్సు, నాలుగూ నలభై.
ఆమెకంటే ముందు ఆమె గంపల వాసన ఎక్కేది.
తడిగోనె కింద చేమంతులు,
కొసన ఒక పాత చీరముక్కలో గులాబీలు వేరేగా.
"గంపలకు లగేజీ కొట్టాలమ్మా."
"పూలకు గూడా బరువుంటాదా మేడమ్?"
రోజూ అదే మాట. రోజూ కొడతాను.
కొంగుముడి విప్పి ఇచ్చే చిల్లర తడిగా ఉండేది.
నా సంచిలో మిగతా చిల్లరా తడిసిపోయేది,
తిట్టుకునేదాన్ని.

గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే
ఎవురితోనో అన్నట్టు చెప్పేది:
"కాడను ఏటవాలుగా కొయ్యాల మేడమ్.
నేరుగా కోస్తే అడుగుకు నోరు కర్సుకొని
నీళ్ళలో నిలబడే దప్పికతో సస్తాది."
మలుపు. బస్సంతా ఒక పక్కకు ఒరుగుతుంది.
"నీళ్ళలోనే ముంచి కొయ్యాల, గాలి మింగనీగూడదు.
మునిగే ఆకు గిల్లెయ్యాల."
ఎవరో వాంతికని కిటికీ తెరిచినారు.
"అరటిపండ్ల పక్కన పెడితే
పండేదాన్ని చూసి పూసింది ముసిలిదైతాది."
వేబిల్లు నింపుకుంటా ఊ కొట్టేదాన్ని.
విన్నాననుకోలేదు.

ఇప్పుడు బేసిన్‌లో నీళ్ళు పోసి, కత్తిపీట కాదని
బ్లేడు తీసుకొని, ఏటవాలుగా, నీళ్ళలోనే.
అరచెంచా చక్కెర, రెండు చుక్కల నిమ్మరసం.
"తాగే నీళ్ళు పూలకా" అన్నాడు మా ఇంటాయన.
మే నెల. కుళాయి రోజు మార్చి రోజు.
అన్నాడే గాని, రాత్రి ఫ్యాను గాలి తగలకుండా
చెంబును తనే గూట్లోకి జరిపినాడు.

మాపటేలకు ఒక జెర్బరా తల ఎత్తింది.
ఒకటే. మిగతావి తర్వాత.
ఒకటి అసలు లేవనే లేదు.

రోజూ నీళ్ళు మార్చి, కాడను రవ్వంత కోసి.
కోసినకొద్దీ పొట్టిదైతాది కదా పువ్వు,
బిందెలోంచి చెంబులోకి,
చెంబులోంచి టీగ్లాసులోకి,
ప్రతి స్టేజీలో ఒకరిద్దరు దిగిపోతా.
గులాబీలు ఆరోనాడు, రెండూ ఒకేసారి,
మొగుడూపెళ్ళాల మాదిరి.
తెల్లపువ్వు ఎప్పుడు దిగిందో చూడలేదు.

పదకొండోనాటికి మిగిలింది ఒక్క జెర్బరా,
కాడ లేదు, తల మాత్రమే.
సాసర్లో నీళ్ళు పోసి తేలేసినాను.

"రాగిపైసా ఏస్తే నీళ్ళు తొందరగా చెడవు మేడమ్,
మీ సంచిలో యాడుంటాయిలే ఇప్పుడు."
ఆ మాట అన్న ఏడాదికో, రెండేళ్ళకో
ఆమె మా బస్సు ఎక్కడం మానేసింది.
పూలకు ఆటో వచ్చిందని ఎవరో అన్నారు.
మోకాళ్ళు అన్నారు ఇంకెవరో.
నేను అడగలేదు. సీటు నిండింది, అంతే.

రాగిపైసా కోసం డబ్బాలన్నీ వెతికినాను. లేదు.
పర్సులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి
సాసర్లో వదిలినాను.
దానికి ఏ మహిమా లేదు, తెలుసు.
పూరేకుల కింద
బిళ్ళ తడిగా మెరుస్తా ఉంది.
ఇంకా ఎంత బాకీయో లెక్క కట్టబోయి
వేబిల్లు ఇప్పుడు నా దగ్గర లేదని
గుర్తొచ్చింది.