ఎల్లాజీ ముక్కు

రాత్రి రెండున్నర.
కంట్రోల్ రూమ్ గోడ మీద బల్లి, కింద ఎల్లాజీ, నేను.
గెడ్డ నీళ్లు వస్తూనే ఉన్నాయి.
ఊరు పడుకున్నా దాని కడుపు పడుకోదు.

ఎల్లాజీ ముప్పయ్యేళ్లు మేన్‌హోళ్లలోకి దిగినవాడు.
చీకట్లో వీధి పేరు ముక్కుతో చెప్పేవాడట:
చేపల నెత్తురైతే జాలారిపేట,
మాడిన నూనైతే పూర్ణా మార్కెట్,
స్పిరిట్టూ, ఇంకేదో తియ్యటి కుళ్లూ కలిస్తే పెద్దాసుపత్రి.
"ఏ వాసనా రాకపోతే మాత్రం దిగకోడదు మేడమ్.
మా బావమరిది అలాగే దిగీసేడు."

బురద అడుగుకి చేరింది.
సూక్ష్మజీవులు తినగలిగిందంతా తిన్నాయి.
తినలేనిది మిగిలింది, కంటికి కనపడకుండా:
ఎవరి షుగర్ బిళ్లో, ఎవరి నిద్రమాత్రో,
జ్వరం తగ్గగానే సింకులో ఒంపేసిన మందో,
ఒకామె ఇంట్లో చెప్పకుండా మింగినది కూడా.

దానికోసమే ఈ ఉక్కు గొట్టం.
లోపల గాజు తొడుగుల్లో దీపాలు,
కళ్లారా చూడకూడని వెలుగు.
కొలిచి కొలిచి పెరాక్సైడ్ వదులుతాను.
వెలుగు తగిలి అది రెండుగా చీలుతుంది.
ఒక ఎలక్ట్రాన్ లోటుతో పుట్టిన ముక్కలు,
రెప్పపాటులో లక్షోవంతు కూడా బతకవు.
ఆ కాస్తలోనే
ఎదురైనదాన్నల్లా పట్టి పీకుతాయి,
మాత్ర తన పేరు మర్చిపోయేదాకా.

ఇంటర్వ్యూలో ఇదంతా గడగడా చెప్పాను.
తొడుగుల మీద పేరుకునే తెల్లటి పొర గురించి ఎవరూ అడగలేదు.
నెలకోసారి ఎల్లాజీ నిమ్మఉప్పు నీళ్లతో తుడుస్తాడు,
పసిబిడ్డ చెవి వెనక తుడిచినట్టు.

తెల్లారితే ఈ నీళ్లు పోర్టుకి పోతాయి.
బొగ్గు కుప్పల మీద చల్లుతారు,
నల్లధూళి గాలికి లేచి
వన్‌టౌన్‌లో మా పిన్ని ఆరేసిన చీర మీద వాలకుండా.
ఆ చీర ఉతికిన నీళ్లు మళ్లీ ఇక్కడికే.
చెబితే ముందు "ఛీ" అంది.
కాసేపాగి, "నిజంగానా" అంది.

ఇవాళ బీకరు నిండా పట్టి ఎల్లాజీకి ఇచ్చాను.
మీటర్లన్నీ ఒప్పుకున్నాయి. రిజిస్టర్లో సంతకం నాది.
ట్యూబులైటుకి ఎత్తి చూశాడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
చాలాసేపు.

"ఏ వాసనా నేదు మేడమ్" అన్నాడు,
బీకరు రెండు చేతులా పట్టుకుని
ఒక అడుగు వెనక్కి వేసి.