పద్నాలుగో నంబరు దుప్పటి

పెట్టె నిండా కుట్టుదారాలు తెచ్చాను.
సగానికి గడువు తీరిపోయింది.
సిస్టర్ టియామికే తేదీలు చూసి నవ్వి
"దారానికి క్యాలెండరు తెలీదులే డాక్టర్" అని
అలమరలో సర్దేసింది.

మలావీ ఉత్తరాన, కొండవాలు మీద మిషన్ ఆసుపత్రి.
కట్టినవాళ్ళ సమాధులు నాలుగు, వెనక మొక్కజొన్న చేలో.
ఒకదాని మీద ఆపరేషన్ గుడ్డలు ఆరేస్తారు,
అక్కడైతే ఎండ బాగా తగుల్తుందని.
ఏడున్నరకి చాపెల్.
ప్రార్థన రానిదాన్ని, చివరి బెంచీలో కూర్చుని
పైకప్పు రేకుల మేకులు లెక్కపెడతాను.
నూట పన్నెండు.
నన్నెవరూ ఏమీ అడగలేదు.
పాటల పుస్తకం మాత్రం, రోజూ ఎవరో ఒకరు
సరైన పేజీ తెరిచి నా ఒళ్ళో పెడతారు.

ఇక్కడ నేర్చిన మొదటి మాట పెపాని.
గడప తట్టుకుంటే అన్నారు.
టీ ఒలికితే అన్నారు.
తడిసొస్తే, ఆ వాన తామే కురిపించినట్టు అన్నారు.
తప్పు చేయనివాళ్ళు క్షమాపణ ఎందుకు చెబుతారో
వారం దాకా అర్థం కాలేదు.
తర్వాత తట్టింది:
చితెంజె చుట్టుకొచ్చిన మన "అయ్యో" ఇది.

ఫిబ్రవరి. దోమల నెల.
లుసుంగుని వీపున కట్టుకుని
వాళ్ళ అమ్మమ్మ న్యాగోండ్వే
పద్దెనిమిది కిలోమీటర్లు నడిచొచ్చింది.
మూడేళ్ళ పిల్ల. కనురెప్ప తిప్పితే తెల్లకాగితం.
హిమోగ్లోబిన్ రెండున్నర.
రక్తం ఫ్రిజ్ తెరిస్తే లోపల బల్బొక్కటే ఉంది.

నాకు నరం దొరకలేదు. మూడుసార్లు.
తొమ్మిదేళ్ళ చదువు మోకాళ్ళ మీద కూలబడింది.
క్లినికల్ ఆఫీసర్ వెజి, టార్చి పళ్ళతో పట్టుకుని,
పాప కణత దగ్గర వేలితో తడిమి
ఒక్క పోటుకే పట్టేశాడు.
పాపది ఓ పాజిటివ్. నాదీ అదే.
పక్క మంచం మీద పడుకున్నాను.
ఆ రాత్రి డాక్టరుగా కాదు,
సంచిగా పనికొచ్చాను.

రెండింటికి పెదవుల మీదికి కాస్త రంగొచ్చింది.
నా రంగే అనుకుని మురిశాను.
మూడింటికి కరెంటు పోయింది. ఆక్సిజన్ మిషన్
నిట్టూర్చి ఆగింది.
డీజిల్ డబ్బాతో కాపలాదారు పరుగెత్తిన చప్పుడు,
తాడు లాగిన చప్పుడు, మళ్ళీ లాగిన చప్పుడు.
జనరేటరు అందుకుంది.
పాప అందుకోలేదు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట నాకు తెలుసు.
నోట్లో తిప్పుకుంటున్నాను,
పలకడం సరిగ్గా వస్తుందో లేదో అని.
ఈలోగా న్యాగోండ్వే
నా మోచేతి మడతలో దూదిని చూసింది.
"పెపాని, డాక్టర్" అంది.
ఆమె. నాకు.

బయట వాన. వార్డు దుప్పటిలో చుట్టి
పిల్లని మళ్ళీ వీపునే కట్టుకుంది.
వచ్చినప్పటి ముడే.

నాలుగో రోజు ఔట్ పేషెంట్ల వరసలో ఆమె.
చీటీ తీసుకుని, ముప్పై మంది వెనక,
తన వంతు వచ్చేదాకా నిలబడింది.
జబ్బేమిటని అడగబోయాను.
బల్ల మీద దుప్పటి పెట్టింది.
ఉతికి, మడిచి. పొగ వాసన, బట్టల సబ్బు వాసన.
మూల మీద మార్కరుతో రాసిన పద్నాలుగు
వెలిసింది గానీ చెరగలేదు.
"ఇంకెవరికన్నా కావాలిగా" అందని వెజి చెప్పాడు.
మళ్ళీ పద్దెనిమిది కిలోమీటర్లు.

నా రక్తం పావులీటరు
ఆ కొండ అవతలి ఎర్రమట్టిలో ఉంది.
గొప్పకి చెప్పడం లేదు.
ఏం తెచ్చాను, ఏం ఇచ్చాను అని
రాత్రిళ్ళు లెక్క రాసుకునేదాన్ని;
ఆ పద్దు ఏ వైపు రాయాలో తెలియక
పుస్తకం మూసేశాను.

ఈ సాయంత్రం పద్నాలుగో నంబరు కింద
నిమోనియాతో ఒక పిల్లాడు. పేరింకా అడగలేదు.
దుప్పటి తన్నేస్తున్నాడు.
కప్పుతాను.
తన్నేస్తాడు.
బాగా తన్నుతున్నాడు.
మళ్ళీ కప్పుతాను.