అడ్డం తగిలిన చోట

ఆపకు, తార్మో. దాన్నలా తిరగనీ.
ట్యాంకులో మిగిలింది డబ్బాలోకి వంపేశాం కదా,
ఇక గొంతులో ఉన్న గుక్కెడే.
అది కూడా తాగేసి, రెండు దగ్గులు దగ్గి
దానంతటదే ఊరుకుంటుంది.

విన్నావా? అదీ.

కైనూలో అక్టోబరు అంటే ఇంతే,
నాలుగింటికే చీకటి, సరస్సు అంచున గాజు పలక.
ఫిన్లాండు సగం మంచు కింద పడుకున్నా
లోపల మిగిలిన పెట్రోలు మాత్రం నిద్రపోదు.
కూర్చున్న చోటే మురిగి, చిక్కబడి,
పైన్ చెట్టు జిగురులా
సూదిమొనంత దారుల్లో గడ్డకడుతుంది.
మే నెలలో తాడు లాగి లాగి భుజం పోతుంది నీకు.
నాది అలాగే పోయింది, ఇక్కడ చేరిన రెండో ఏడు.

డబ్బాలోది పారబొయ్యకు.
కెటిల్ పక్కన కాఫీ వడకట్టే కాగితాలున్నాయి,
ఒకటి తీసి వడగట్టి, మంచు ఊదే మిషన్లో పొయ్యి.
ఆ కాగితం మళ్లీ కాఫీ దగ్గర పెట్టకు.
నవ్వుతావేం? ఒకడు పెట్టాడు.

ప్లగ్గు తీగ పీకావా? ముందది.
ఇప్పుడు మిషన్ని వాల్చు. అటు కాదు,
కార్బురేటర్ ఆకాశం చూసేలా.
చెక్కతో గీకు, ఇనుము వద్దు.
జూన్ గడ్డి, జూలై గడ్డి, బర్చి ఆకులు,
పొర మీద పొర, ఎండిన పేడలా.
ఆ మెరిసేదేంటి? కొవ్వొత్తి డబ్బా మూత.
ఎవరి సమాధి దగ్గరిదో. జేబులో వేసుకో,
రేపు వరసల్లో తిరిగి చూద్దాం.

బ్లేడు మీద ఈ నొక్కు చూడు.
చూడమన్నాను, వేలు పెట్టమన్లేదు.
ఇది ఉర్పో రాయి.

పన్నెండేళ్లు అతని పక్కన పనిచేశాను.
మా మాటలన్నీ ఆయిలు, ప్లగ్గు, బ్లేడు.
భార్యని పూడ్చిన మర్నాడు వచ్చి
'ఆ పదమూడో నంబరు స్పానర్ ఇటివ్వు హిల్కా' అన్నాడు.
ఇచ్చాను.
అంతకంటే ఏం ఇవ్వాలో నాకు తెలీదు,
ఏం అడగాలో అతనికీ తెలీదు.

రాయికి మిషన్ తగిలించేవాళ్లని
మనుషుల్లో జమకట్టేవాడు కాదు.
అతని కూతురు వచ్చి, అతని రాయినే
వరసకి నాలుగు వేళ్లు ముందుకు పాతించి వెళ్లింది.
ఆగస్టులో, వాన వెలిసిన పొద్దున,
ఖణేల్మంది.
మిషన్ ఆపి కాసేపు అక్కడే నిలబడ్డాను,
తిడతాడేమోనని.

ఆకురాయి ఇటివ్వు.
నొక్కు మొత్తం పోయేదాకా రాస్తే
బ్లేడు సగం అరిగిపోతుంది.
కొంచెం ఉండనీ. గడ్డికేం తెలుస్తుంది.

సైలెన్సర్లో ఇనుప పీచు కుక్కు, ఎలుకలు దూరకుండా.
పోయినేడు ఒకతి ఫిల్టరు చించి
అందులోనే ఈనింది. ఐదు.
ఏం చేశానని అడక్కు.
ఆ ఏడు మే మూడో వారం దాకా
ఇక్కడ గడ్డి కొయ్యలేదు, అంతే చెప్తాను.
పాస్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది.

ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు.
ప్లగ్గు మళ్లీ బిగించు. తీగ తగిలించకు.
ఇప్పుడు తాడు లాగు.
మెల్లగా, తార్మో. కోపంగా లాగడానికి వేసవంతా ఉంది.
పక్కన నిద్రపోయేవాడి చెయ్యి
మీది నుంచి తీసి పక్కన పెడతావే, అలా.
ఒకచోట అడ్డం తగులుతుంది.
తగిలిందా?

అక్కడ ఆపు. ఇక లాగకు.
లోపల రెండు తలుపులూ మూసుకున్నాయని అర్థం.
తేమ చొరబడదు.
ఎందుకో చెప్పకుండానే ఇది నాకు నేర్పాడతను,
ఏటా ఇదే మాట: అడ్డం తగిలిన చోట ఆపు.
ఎందుకో నేనే తర్వాత పుస్తకంలో చదువుకున్నాను.

పాత దుప్పటి కప్పు. ప్లాస్టిక్ అయితే చెమట పడుతుంది.
తేదీ గోడ మీద వెయ్యి.
అక్కడ కాదు, అవి అతని అంకెలు.
వాటి కింద నావి.
వాటి కింద.

లైటు తీసెయ్. కాఫీ పెడతాను పద,
కొత్త కాగితంతో.