రిమార్కుల గడి

స్వాతి కార్తెలో, తెల్లారుజామున మూడున్నరకి
ఇస్కపల్లి కాడ నాలుగో గుంటలో
రొయ్యలు గట్టువారకొచ్చి చూస్తావుండాయి.
టార్చి వేస్తే వందల కళ్ళు, నిప్పురవ్వల మాదిరి.
కరెంటు పోయి గంటయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి
మూడోసారి దగ్గను కూడా దగ్గలేదు.
మీటరు ముంచితే రెండు పాయింట్ ఒకటి.
నాలుగన్నా ఉండాల.

గాలి లేదు.
తాటాకు కదలదు. ఉప్పుమళ్ళ వైపు నుంచి వాసనైనా రాదు.
సముద్రం ఇంత దగ్గరుండి
ఊపిరి బిగబట్టుకోనుండాది.

తెడ్డు తీసుకుని దిగాను.
మొలలోతులో నిలబడి నీళ్ళని బాదడం
చూసేవాడికి పిచ్చి,
రొయ్యకి ఒక గుక్క.

గుడిసెలోంచి లేచొచ్చింది
మా నాయనమ్మ పేరు మోస్తున్న వెంగమ్మ,
ఎనిమిదో తరగతి.
"నాయనా, తప్పు నాచుది" అంది.
"పగలంతా ఎండ తిని గాలి వదులుతాది.
పొద్దుగూకితే అదీ మనలాగే, పీల్చే బాపతే.
అందుకే తెల్లారేసరికి గుంట ఖాళీ."

నాకు తెలీదా?
పదకొండేళ్ళ నుంచి ఈ పచ్చనీళ్ళకి కాపలా.
పగటి కూలీనే రాత్రి దొంగని తెలుసు.
దాని పేరు తెలీదు, అంతే.
కిరణజన్య ఏదో అంది. నాకు నోరు తిరగలా.

రెండో తెడ్డు లేదు. సత్తుగిన్నె తెచ్చుకుంది.
నీళ్ళు ఎత్తి పోస్తా, ఆయాసపడతా
ప్రపంచం గురించి చెప్పింది:
భూమి నడుముకాడ ఎండకి కాగిన గాలి
అన్నం కుండలో ఆవిరి మాదిరి పైకి పోతాదంట.
పోయింది పోయినట్టు ఉండదంట.
ఎక్కడో ఎడారుల మీద చల్లబడి దిగి
నేలబారుగా మళ్ళీ నడుముకే బయల్దేరతాదంట.
నేరుగా రావాలనే వస్తాది గానీ
కింద భూమి తిరగతా ఉండాది గదా,
దారి ఒరిగిపోతాది.
"అందుకే మనకి ఈశాన్యం నుంచి" అని
చీకట్లోకి చెయ్యి చాపింది.

నేను ఆ చెయ్యి చూళ్ళేదు.
మా నాయన గుర్తొచ్చాడు.
వరిగట్టున ఎలకబొరియకి కుండ మూతిపెట్టి
లోపలి గడ్డి పొగని నోటితో ఊదేవాడు.
గాలి ఎటు తేలుతాదో
ఎలక్కంటే ముందు ఆయనకి తెలిసేది.
అంత ఊపిరి ఉన్న మనిషి
చివర్న ఒక్క గుక్కకి మంచం పట్టె పట్టుకున్నాడు.

దేశాలు తిరిగొచ్చే గాలికి,
ఎందరి ముక్కుల్లోంచో దూరి వచ్చేదానికి
నాలుగో గుంట గుర్తుంటాదా?

ఐదుంబావుకి
ముందు చెవి మీద తెలిసింది.
తడిచొక్కా చల్లగా వీపుకంటుకుంది.
తర్వాత నీళ్ళ మీద ముడత,
దాని వెనక ఇంకోటి,
నిద్రలో ఎవరో దుప్పటి లాగినట్టు.
గుంట ఒళ్ళంతా గరుకెక్కింది.
గట్టువార మీసాలు ఒక్కొక్కటే మునిగినయ్.
వెంగమ్మ గిన్నె బోర్లించి దానిమీదే కూర్చుంది.
ఏమీ అనలా.

పొద్దెక్కాక ఆ గాలే వెనక నుంచి తోస్తావుంటే
పెడలు తొక్కకుండానే అల్లూరు బడికి పోయింది.
సాయంత్రం ఎదురుగాలిలో వస్తా నన్నే తిడతాది.

పుస్తకంలో గడులుండాయి:
మేత, మందు, డీజిలు, చచ్చినవి.
గాలికి గడి లేదు.
రిమార్కులు అన్న చోట రాశాను,
ఐదుంబావుకి గాలి వచ్చింది అని.

పదింటికి దశరథరామిరెడ్డి వచ్చి
కళ్ళద్దాలు నుదుటికెత్తి చదివాడు.
"ఏ గాలోళ్ళురా? అంత పొద్దున్నే
మన గుంటకాడ వాళ్ళకేం పని?"

దూరపోళ్ళు, అన్నాను.
తెడ్డు కడుక్కోను పోయాను.