కోరం

రామచంద్రపురంలో ఆరింటి బస్సెక్కి
కాకినాడ చేరేసరికి
వాళ్ళప్పటికే రెండో టీ తాగుతున్నారు.
"రండి రండి, మీకోసమే ఆగాం" అన్నారు.
నిజమే.
ఆరుగురం ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి.
నేను రాకపోతే కోరం లేదు.

నా ముందు నిలబెట్టిన అట్టముక్క మీద
మహిళా సభ్యురాలు అని ఉంది.
పక్కవాళ్ళ అట్టల మీద వాళ్ళ సబ్జెక్టులున్నాయి.
ముప్పై రెండేళ్ళు కాలువల లెక్కలు చెప్పాను.
మురుగు కాలువ వాలు, లాకు తలుపు మీద పడే నీటి బరువు.
అదెక్కడా రాయలేదు.
జ్యోతి వెలిగించడానికి, బొకే అందించడానికి,
హాస్టలు పిల్లల కన్నీళ్ళ కమిటీకి
నన్నే పిలుస్తారు.
"మీరుంటే ఫొటో నిండుగా ఉంటుందండీ, రత్నం గారూ."

ఏడో అభ్యర్థి బొంతు ఎస్తేరు రాణి.
భైరవపాలెం పిల్ల.
తొమ్మిదేళ్ళుగా గంటల లెక్కన పాఠాలు.
వేసవిలో గంటలుండవు, జీతమూ ఉండదు.
గౌతమి పాయలో ఉప్పు ఎంత లోపలికి ఎక్కుతోందో
పోటు పోటుకీ సీసాల్లో పట్టి కొలిచింది.
ఆ సీసాల గురించి ఎవరూ అడగలేదు.

"రాత్రిళ్ళు పడవ మీద తిరగాలి కదమ్మా,
ఇంట్లో ఒప్పుకుంటారా?"

"పడవ మా అమ్మదేనండి."

ఒకాయన నవ్వాడు. ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
నేను బల్ల కింద కాళ్ళు మార్చుకున్నాను.
తొంభై ఒకటిలో, ఇదే మేడలో, ఇదే ప్రశ్నకి
"ఒప్పుకుంటారండీ" అని అబద్ధమాడి
కొలువు తెచ్చుకున్నదాన్ని.
చేరాక ఆరేళ్ళు
లైబ్రరీ దాకా నడిచి వెళ్ళొచ్చేదాన్ని.
ఈ మేడలో ఆడవాళ్ళకి గడియున్న గది లేదు.

ఎనిమిదోవాడు కుర్రాడు. మంచివాడే, చదువుకున్నవాడే.
అతని వ్యాసాల మీద అరగంట మాట్లాడారు.
ఇంట్లో అన్నం ఎవరు వండుతారని అడగలేదు.
నేనూ నోరు తెరవలేదు.

మధ్యాహ్నం కాజాల పళ్ళెం ఒకవైపు,
పెన్సిలు మార్కులు, రబ్బరు ఒకవైపు.
"ఆడవాళ్ళ పాయింటు పోయినసారే భర్తీ అయిపోయింది కదండీ."
రోస్టరులో కనీసం అని రాసిన మాట
ఎవరి నోట్లో, ఏ పూట
ఇక చాలు అయిందో.
ఓపెన్ అని రాసినదానికి కూడా
వీళ్ళకి తలుపు కనిపిస్తుంది.

"ఇక్కడ సంతకం, మేడమ్."

కలం మూత తీశాను.
చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు
క్రియాపదాలు వల్లె వేయించేవారు.
కోరుతాం, కోరాం, కోరం.
కోరం అంటే అడగం, మాకేమీ వద్దు అని.
ఇన్నేళ్ళూ ఆ అర్థంలోనే కూర్చున్నాను ఈ కుర్చీలో.
టీ చాలు, ఫ్యాను గాలి చాలు.

"ఒక్క వాక్యం చేర్చండి" అన్నాను.
"ఏడో అభ్యర్థిని అడిగిన ప్రశ్న
మగవాళ్ళెవర్నీ అడగలేదు, అని."
"మినిట్సులో అలాంటివి రాయరండీ."
"అయితే నేనూ రాయను."

మూత పెట్టిన చప్పుడు
ఇంత చిన్నదా అనిపించింది.
అటెండరు సత్తెమ్మ కప్పులు తీస్తూ
నా వైపు చూసీ చూడనట్టు చూసింది.

రేపు ఫోన్ చేస్తారు. బతిమాలతారు.
లేదా ఇంకో ఆడమనిషిని చూసుకుంటారు,
దొరక్కపోదు.

సాయంత్రం బస్సులో
నాకు రెండు సీట్ల ముందు ఎస్తేరు రాణి.
రేపటి గంటల కోసం కాబోలు, ఇటే వస్తోంది.
ఒళ్ళో ఫైలు, ఫైలు మీద టిఫిన్ డబ్బా.
పలకరించకూడదు, రూలుంది.
పలకరించలేదు.

లాకుల దగ్గర బస్సు నెమ్మదించింది.
ఆమె కిటికీలోంచి వంగి
గట్టున పాతిన కొలరాయి చూసింది.
నేనూ చూశాను.
నాలుగడుగుల రెండంగుళాలు.
ఆమె సంచీలోంచి చిన్న పుస్తకం తీసి
రాసుకుంది.