కొండ మీద సగం పేరు

మస్కట్ రేవుకొచ్చిన ఓడల పేర్లు
కొండకి తెల్లసున్నంతో రాస్తారు.
ఆ పూట రాస్తున్నది ఈనాక్, సేలం ఊరివాడు.
పైనుంచి తాడు పట్టుకున్నది నేను,
మైలపిల్లి ఎర్రన్నని, కోరంగి కళాసీని.

మూడక్షరాలయ్యాయో లేదో
ఓడ మీంచి జెండా ఊపారు. దిగి వెళ్ళాం.
ఇంగ్లీషు దొర మమ్మల్ని వరసగా నిలబెట్టి
బుట్టలో చేపల్ని ఏరినట్టు
ఏరుతున్నాడు.

ఈనాక్ చొక్కాలోంచి కాగితం తీశాడు.
చెమటకి నాని, మడతల్లో చిరిగి,
రెండు చేతులా కూడబెట్టి పట్టుకుంటేగానీ
కాగితం కాదది.
అందులో వాడి ఎత్తు, కనుబొమ్మ మీది గాటు,
ముంజేతి మీద పచ్చబొట్టు లంగరు,
అడుగున కొత్త దేశం ముద్ర.
దొర చదివాడు. చివరిదాకా చదివాడు.
"నీ నోట్లో ఉన్నది మా భాష" అన్నాడు.
అంతే.

నాకు అరబ్బీలో బేరం వచ్చు,
హిందుస్తానీలో తిట్లు వచ్చు,
జ్వరమొస్తే తెలుగు.
నేనెవరివాణ్ణో ఎవరూ అడగలేదు.
దొర చూపు నన్నూ, నా భుజమ్మీది కాఫీ బస్తానీ
ఒకటిగా లెక్కేసి ముందుకెళ్ళింది.

ఏడాది తిరక్కుండా
ఖర్జూరాల దళారి కబురు తెచ్చాడు:
అమెరికావాళ్ళు ఇంగ్లీషు రాజు మీద యుద్ధానికి లేచారట,
పట్టుకుపోయిన కళాసీల కోసమట.
"కొంత మనుషుల కోసం, కొంత సరుకు కోసంలే"
అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
కొంతయినా సరే,
మనిషి కోసం దేశం అలగడమంటే
ఎలా ఉంటుందో!

సగం పేరు కొండ మీదే ఉంది.
మిగతా అక్షరాలు నాకు రావు.
సున్నం మిగిలిందని
కింద ఒక చేపని గీశాను.
ఎండకి అదీ
పొలుసులు రాలుస్తోంది.