లాకరు నంబరు ఏడు

ద్వారకానగర్‌లో మూడో అంతస్తు. కింద టిఫిన్ల కొట్టు.
ఇడ్లీ ఆవిరి మెట్లెక్కి నా కుర్చీ దాకా వస్తుంది.
నా పని జేబులు తిప్పి చూపించమనడం,
చొక్కా చేతులు మోచేతుల దాకా మడిపించడం,
కళ్ళజోడు తీయించి వెలుతురుకి పట్టి చూడడం.
మణికట్టున సింహాచలం తాడుంటే
కొంచెం పైకి జరపండి అనడం,
జరిపాక సారీ అనడం.

ఎవరిది ఏ పరీక్షో తెర చూడకుండానే చెప్పగలను.
నెట్‌వర్కు వాళ్ళు వేళ్ళ మీద లెక్క కడుతూ వస్తారు
రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు...
ఎక్కాలు అప్పజెప్పబోయే పిల్లల్లా.
సెక్యూరిటీ వాళ్ళు వేసిన లాకరుని మళ్ళీ లాగి చూస్తారు.
ప్రాజెక్టు మేనేజర్లు సంతకం పెట్టే ముందు
నా రిజిస్టరులో గళ్ళన్నీ చదువుతారు, తప్పులు కూడా చెబుతారు.
క్లౌడు వాళ్ళంతా కుర్రాళ్ళు. మధురవాడ నుంచి బైకుల మీద,
హెల్మెట్టు కింది చెమట ఆరకుండానే.
డేటాబేసు వాళ్ళు అరుదు. వస్తే, గదిలో చలి అంటారు.

మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు.
ఆయన పరీక్షలో ప్రశ్నల్లేవు, ఉక్కు ముక్క ఒక్కటే.
అతికిన చోటే వంచి చూసేవారు. పగలకపోతే పాసు.
ఆర్నెల్లు మంట పట్టకపోతే ఆ కాగితం చెల్లదు.
"చేతికీ తుప్పు పడుతుందే ఈశ్వరీ" అనేవాడు.
ఇక్కడివి మూడేళ్ళు. ఆ తరవాత
మళ్ళీ ఫీజు, మళ్ళీ జేబులు, మళ్ళీ నేను.

నిన్న మూడోసారి వచ్చాడు బొడ్డేడ సన్యాసిరావు.
యాభైకి రెండు తక్కువ. ఆధార్ ఫోటోలో మాత్రం మీసం నలుపు.
హుద్‌హుద్ అప్పుడు గాజువాకలో ఏదో కంపెనీ సర్వరు గదిలో
మూడు రాత్రులున్నాడట.
అద్దం ఎగిరిపోయిన కిటికీకి పరుపు అడ్డం పెట్టి,
జనరేటరుకి బకెట్లతో డీజిలు మోసి,
మిషన్లు వేడెక్కితే అట్టముక్కతో విసిరి.
ఊరంతా చీకటి. ఆ పచ్చలైట్లు మాత్రం కళ్ళార్పుతూనే ఉన్నాయట.
ఇప్పుడా గదిలో పాత కుర్చీలు పడేశారు.
"మబ్బు నుంచి కాపాడేను మేడమ్,
ఇప్పుడు పట్టుకెళ్ళి మబ్బులోనే పెట్టీసినారు. ఏటి సేస్తాం"
అని నవ్వి, వాచీ తీసి ఏడో లాకరులో పెట్టాడు.

గంటన్నరగా కెమెరాలో అతని నడినెత్తి చూస్తున్నాను.
యాభై మూడో ప్రశ్న దగ్గర మౌసు ఆగింది.
కుడిచెయ్యి తనంతట తనే లేచి
విసరడం మొదలెట్టింది,
అట్టముక్క లేకుండా, తెర ముందు, నెమ్మదిగా.
అనుమానం కలిగించే కదలిక ఏదైనా రాయాలి, అది రూలు.
అభ్యర్థికి ఉక్కగా ఉన్నట్టుంది అని రాసి
ఏసీ పెంచాను.

ఏడొందలు రావాలి. ప్రింటరు ఆరొందల తొంభై ఒకటి కక్కింది.
కాగితం బోర్లించి ఇచ్చాను. అందరికీ అలాగే ఇస్తాను.
తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి
జేబులో దోపుకుని మెట్లు దిగాడు.

ఐదు నిమిషాలకి రొప్పుతూ మళ్ళీ పైకొచ్చాడు.
గుప్పిట్లో లాకరు తాళంచెవి.
"మరిసిపోనాను. పద్నాలుగు రోజులాగాల కదమ్మా?"
ఆగాలన్నాను.
తాళంచెవి వెచ్చగా ఉంది.
కొక్కేనికి తగిలించకుండా కాసేపు పట్టుకునే ఉన్నాను,
తరవాతి అమ్మాయి
"గాజులు కూడా తీసేయాలాండీ?" అని అడిగేదాకా.